చూసుకోని నాడి

నాన్న తన గుండె మాత్ర వేసుకోవడం లేదన్న సంగతి నేను ఆయన మణికట్టు పట్టుకున్నప్పుడు బయటపడింది.

ఆదివారం మధ్యాహ్నం. ముందుగదిలో మంచం మీద నాన్న చొక్కా విప్పి వెల్లకిలా పడుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని, ఆయన మణికట్టు మీద వేళ్లు ఆనించి, గోడగడియారం ముల్లు వంక చూస్తున్నాను. పరీక్షల కాలంలో మా ఇంట్లో ఇది మామూలే. డాక్టరీ చదివే పిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా మామూలే అనుకుంటాను. పుస్తకంలో చదివినది ఒంటి మీద చూస్తే తప్ప చేతికి అలవాటు కాదు. ఒళ్లు కావాలంటే ముందుగా దొరికేవి ఇంట్లోవాళ్లవే. నాడికీ రక్తపోటుకీ నాన్న. మోకాలి చిప్ప మీద సుత్తితో కొట్టి చూడటానికి అమ్మ. పొట్ట మీద వేళ్లతో తట్టి చూడాలంటే మాత్రం ఇద్దరిలో ఎవరు తప్పించుకోలేకపోతే వాళ్లు.

నాన్న నాడి నాకు బాగా తెలుసు. గుండె దడకని పెద్దాసుపత్రిలో మాత్ర రాసిచ్చినప్పటి నుంచీ అది సాయంకాలం షికారుకు బయల్దేరిన పెద్దమనిషిలా నింపాదిగా నడిచేది. ఆ మాత్ర పనే గుండెకు కళ్లెం వేయడం. ఆ రోజు కళ్లెం లేదు. నా వేళ్ల కింద నాడి పరిగెత్తుతోంది. నిమిషం నిండా లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను.

"ఏంటి డాక్టరమ్మా, ఉన్నానా, పోయానా?" అన్నాడు నాన్న కళ్లు మూసుకునే.

"మాత్ర వేసుకున్నావా?"

"పొద్దున్నే వేసుకున్నా."

"నిజంగా?"

"అనుమానమైతే పోలీసుల్ని పిలువు. షీటు గూట్లోనే ఉంది, పట్టుకెళ్లి సాక్ష్యం అడుగు."

వెళ్లి చూశాను. మాత్రల షీటులో ఎన్ని ఖాళీలుండాలో అన్నే ఉన్నాయి. షీటేమో వేసుకున్నాడంటోంది, మణికట్టేమో లేదంటోంది. నేను మణికట్టునే నమ్మాను.

భయపడాల్సింది. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే అన్నాళ్లూ అణిగి ఉన్న గుండె ఒక్కసారిగా తెగించి కొట్టుకుంటుంది. గుండెపోటు వచ్చినా రావచ్చు. ఆ వాక్యం పుస్తకంలో పేజీకి ఏ వైపు ఉందో కూడా చెప్పగలను. అన్నీ తెలిసీ, కుర్చీని దాని చోట పెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ పుస్తకం ముందు కూర్చున్నాను. భయం రావాల్సిన చోట ఏమీ రాలేదు.

ఆ ఎండాకాలమంతా నాకు అలాగే గడిచింది.

*

అది చివరి ఏడాది. వేసవి ముగిసేలోగా ప్రాక్టికల్ పరీక్షలు. అందులో లాంగ్ కేసంటే అందరికీ హడల్. ముక్కూమొహం తెలియని రోగిని అప్పగిస్తారు. అతనితో మాట్లాడి, ఒళ్లంతా పరీక్షించి, జబ్బేమిటో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు నిలబడి చెప్పాలి. తప్పితే మళ్లీ ఆరునెలలు అదే వార్డు, అదే గోడలు.

నాకు ఏడుపొచ్చేది కాదు. వస్తే ఏదో అయిందని తెలిసేది. ఒకే పేజీ పొద్దున్న తెరిస్తే సాయంత్రానికీ అదే పేజీ. తల దువ్వుకోవడం కొండెక్కినంత పని. ఎవరైనా జోకేస్తే నవ్వాలని నాకు గుర్తొచ్చేసరికి మిగతావాళ్లు నవ్వడం ఆపేసి లేచిపోయేవాళ్లు. మనోవ్యాధుల వార్డులో డ్యూటీ చేసినప్పుడు ఈ లక్షణాలన్నీ వరసపెట్టి చదివాను. మంచి మార్కులే వచ్చాయి. అవి మంచం మీద ఉన్నవాళ్లకు వచ్చేవనుకున్నాను. మంచం పక్కన తెల్లకోటుతో నిలబడ్డవాళ్లకూ వస్తాయని తట్టలేదు.

చేతులు మాత్రం వణికేవి. పుస్తకం ముందు కాదు, రోగి ముందు. ఓ పెద్దాయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టబోతే అది ఆయన చొక్కా గుండీకి తగిలి టకటకమంది. చుట్టూ పదిమంది విద్యార్థులు. ప్రొఫెసరు నా వంక చూసి, "అంత కష్టపడి పట్టుకోవడం దేనికమ్మా? మెడలో గొలుసులా వేసుకుని ఫొటో దిగు. సంబంధాలన్నా వస్తాయి," అన్నాడు. అందరూ నవ్వారు. పాపం, ఆ పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వకపోతే వైద్యం చేయరేమోనని కాబోలు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వణుకు ఆగిపోయింది. ఒకరోజు సూది పట్టుకుంటే చేయి రాయిలా నిలబడింది. నాకే ఆశ్చర్యం. అలవాటు పడ్డాననుకున్నాను. ధైర్యం వచ్చిందనుకున్నారు మిగతావాళ్లు.

"ఒసే, నీ చేతికేమైందే? సర్జన్ చెయ్యిలా ఉంది!" అంది రేడియో.

రేడియో నా బ్యాచ్‌మేటు. మాట మొదలుపెడితే ఆపే మీట ఉండదు కాబట్టి ఆ పేరు. ప్రొఫెసర్లు కూడా హాజరు పట్టీలో ఉన్న పేరు మర్చిపోయి రేడియో అనే పిలిచేవారు.

"ఏమో," అన్నాను.

"ఏమో ఏంటే! సంతోషించు."

సంతోషించాలి కాబోలు అనుకున్నాను. ఆ పని ఎలా చేస్తారో గుర్తురాలేదు.

*

నాన్న నాడి సంగతి రేడియోకే చెప్పాను. నాకెలాగూ భయం రావడం లేదు. నా బదులు ఎవరైనా భయపడితే బాగుంటుందనిపించింది.

రేడియో భయపడలేదు, ఉత్సాహపడింది. కాలేజీ క్యాంటీన్ బల్ల మీద మోచేతులు ఆనించి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. రేడియో గొంతు తగ్గిస్తే పక్క బల్లకు మాత్రమే వినపడుతుంది.

"దొంగ మాత్రలే అవి. పిండి ముద్దలు. షాపువాడు అంటగట్టాడు. రేపు ఒకటి పట్టుకురా."

పట్టుకెళ్లాను. ల్యాబుకు పంపిస్తుందేమో అనుకున్నాను. మాత్ర కొస కొరికి, నాలుక మీద పెట్టుకుని, మొహం వికారంగా పెట్టింది.

"ఛీ ఛీ! అసలుదే. ఈ చేదు దొంగవాళ్లకు చేతకాదు."

"అలా తినకూడదే."

"కొసే కదా. పైగా వైవా మాత్ర ఇదే. సీనియర్లంతా పరీక్ష ముందు ఇదే వేసుకుంటారు. గుండె దడదడలాడదు, చేయి వణకదు. నీకు తెలీదా?"

తెలుసు. మా కాలేజీలో అది సీనియర్ల నుంచి జూనియర్లకు నోటిమాటగా దిగుతూ వచ్చే విద్య. ఎవరికీ డాక్టరు చీటీ ఉండదు, ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టూ ఉండదు. నేనెప్పుడూ వేసుకోలేదు. ధైర్యం కోసం వేసుకుంటారు. నాకు ధైర్యం ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించేది.

"సరే, ఆలోచించు," అంది రేడియో. "మాత్ర అసలుదే. షీటు రోజూ ఖాళీ అవుతోంది. మీ నాన్న ఒంట్లోకి మాత్రం పోవడం లేదు. అంటే ఎవరో కొట్టేస్తున్నారు. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, నాన్నా, అమ్మా."

"ఇంకేం, మీ అమ్మే."

"అమ్మెందుకు?"

"బస్ డిపోలో టికెట్ల కౌంటరు కదా ఆవిడది. పొద్దస్తమానం చిల్లర కోసం జనంతో తగువు. దడ రాకుండా ఉంటుందా? మీకు చెప్తే కంగారు పడతారని గప్‌చిప్‌గా మింగేస్తోంది. వెళ్లి నాడి చూడు. నెమ్మదిగా కొట్టుకుంటుంటే దొంగ దొరికినట్టే."

లెక్క సరిగ్గానే ఉంది. మాత్ర ఎవరి ఒంట్లోకి వెళ్తే వాళ్ల నాడి నెమ్మదిస్తుంది. ఇంత తెలిసిన ఇద్దరు కాబోయే డాక్టర్లం ఆ బల్ల దగ్గర కూర్చుని, ఆ ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఇద్దరి గురించే ఆలోచించాం.

*

అమ్మ డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని ఉంది. ఆమెది తెల్లవారుజాము షిఫ్టు. మేము లేచేసరికి వెళ్లిపోయేది. పొద్దున్న టీ పెట్టడం, నన్ను లేపడం, బస్సుకు తరమడం అన్నీ నాన్నవే.

"అమ్మా, చెయ్యివ్వు."

"నాడేనా? మోకాలి చిప్ప మాత్రం ఇవ్వను. మొన్న కొట్టినచోట ఇంకా నొప్పి."

అమ్మ నాడి ఎప్పటిలాగే ఉంది. నెమ్మదీ లేదు, పరుగూ లేదు. దొంగ అమ్మ కాదు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"నువ్వెలా ఉన్నావే?"

"బాగానే ఉన్నా."

"చేయి వణకడం తగ్గిందటగా. మీ నాన్న మురిసిపోతున్నాడు." అంతలోనే మొహం ముడుచుకుంది. "ఆయన చెయ్యే బాగుండటం లేదు. నిన్న ఎవరిదో కోటుకు చేతులు అంగుళం పొట్టిగా కత్తిరించేశాడట. కుర్రాళ్లు చెప్పారు. ఇన్నేళ్లలో ఎప్పుడన్నా విన్నామా?"

నాన్న పెద్ద టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. అక్కడ కుట్టేవాళ్లు బోలెడుమంది, కత్తెర మాత్రం ఆయనదే. ఖరీదైన గుడ్డ బల్ల మీద పరిచాక ఆయన మాట్లాడడు, ఎవర్నీ మాట్లాడనివ్వడు. గుండె దడ మొదలైన కొత్తలో చేయి వణికి, సుద్దగీత పక్కకు పోయి, ఎవరికీ చెప్పకుండా షాపు వెనక కూర్చున్నాడట. ఆ మాత్ర వచ్చాకే చేయి మళ్లీ నిలబడింది.

ఇప్పుడు మళ్లీ పక్కకు పోతోంది.

ఆ రోజు నాన్న రాగానే ఎదురుగా నిలబడి అడిగాను. "మాత్ర ఏం చేస్తున్నావు?"

"మింగుతున్నా."

"నా ముందు మింగు రేపు."

"నాకు పరీక్ష పెడుతున్నావా? సరే, మింగుతా. ముందు నీ పరీక్ష సంగతి చూడు."

మర్నాడు నేను లేచేసరికే ఆయన షాపుకు వెళ్లిపోయాడు. పని ఎక్కువుందట. గూట్లో షీటు మీద ఇంకో ఖాళీ. గ్యాసు పొయ్యి పక్కన నా టీ మూత పెట్టి ఉంది. నిలబడే తాగేశాను. రుచి చూసి తాగే రోజులు కావవి.

*

మా వార్డులో పీజీ చేస్తున్న డాక్టరొకామె ఉండేది. అందరం పీజీ అక్క అనేవాళ్లం. తిట్టడం మొదలుపెడితే కడిగి ఆరేసేది. కానీ పరీక్షల ముందు తన నిద్ర మానుకుని మాతో ఉత్తుత్తి పరీక్షలు చేయించేది.

ఆ పొద్దున్న నా వంతు. నాకిచ్చిన రోగికి గుండె కవాటం జబ్బు. చిన్నవాడే, మెత్తగా మాట్లాడాడు. అన్నీ అడిగాను, అన్నీ చూశాను. చేయి వణకలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని అతని పాదాలకు వాపుందేమో నొక్కి చూసి, లేచి నిలబడి, "అక్కా, ఈ రోగి..." అన్నాను.

నేల పక్కకు ఒరిగింది. మంచం చువ్వ పట్టుకున్నాను. పీజీ అక్క నా చేయి పట్టుకుంది.

"ఏయ్, ఏంటిది? తిండి తిన్నావా?"

"తిన్నానక్కా."

"ఈ ఎండలో చేతులింత చల్లగా ఏంటి?" అంది. పట్టుకున్న చేయి వదల్లేదు. ఆమె వేళ్లు నా మణికట్టు మీద సర్దుకున్నాయి. రెండో చేతి గడియారం వైపు చూస్తోంది. రోగి కూడా ఆసక్తిగా చూస్తున్నాడు.

"పరుగు పందేలకు వెళ్తావా?"

"మెట్లెక్కితేనే ఆయాసమక్కా."

"మరి ఈ నాడేంటి, ఇంత నిద్రమత్తులో ఉంది?" నన్ను పక్క గదిలోకి లాక్కెళ్లింది. "ఎన్ని వేసుకుంటున్నావు?"

"ఏంటక్కా?"

"నాతో నాటకాలొద్దు. వైవా మాత్ర. మీ బ్యాచ్‌లో సగం మంది జేబుల్లో ఉంటుంది, నాకు తెలీదనుకోకండి. ఆస్తమా ఉందా నీకు?"

"లేదు."

"బతికిపోయావు. ఉంటే ఊపిరాడక చచ్చేదానివి. ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదక్కా. నేనేం వేసుకోవడం లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. అబద్ధమాడేవాళ్ల మొహంలో ఏదో ఒకటి కదులుతుంది. నా మొహంలో ఏదీ కదల్లేదు. అది చూసే నమ్మిందో, అది చూసే ఇంకా కంగారుపడిందో తెలీదు. "కూర్చో," అంది మెల్లగా.

కూర్చున్నాను. నా చేత్తో నా మణికట్టు పట్టుకున్నాను. చదువు మొదలైనప్పటి నుంచీ ఎన్ని వందల చేతులు పట్టుకున్నానో. నాది పట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. మా బ్యాచ్‌లో ఎవరికీ అనిపించి ఉండదు. మేము చూసేవాళ్లం. చూడబడేవాళ్లు వేరే.

వేళ్ల కింద నాడి వచ్చింది. ఆగింది. చాలాసేపటికి మళ్లీ వచ్చింది.

ఈ నడక నాకు తెలుసు. సాయంకాలం షికారుకు బయల్దేరిన పెద్దమనిషి.

మాత్ర మా ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు. ఒళ్లు మారింది, అంతే. మా ఇంట్లో పొద్దున్న టీ పెట్టేది ఒక్కరే.

"అక్కా, నేను వెళ్లాలి," అన్నాను.

*

షాపులో మిషన్లు ఆగి ఉన్నాయి. కుర్రాళ్లంతా కటింగ్ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. నాన్న బల్ల కింద గుడ్డముక్కల మధ్య కూర్చుని, బల్ల కాలికి ఆనుకుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో సుద్ద అలాగే ఉంది.

"ఏంటి తల్లీ, ఇప్పుడొచ్చావు? క్లాసు లేదా?" అన్నాడు.

"నొప్పి ఎక్కడ?"

"నొప్పేం లేదు. ఎవరో రొమ్ము మీద కూర్చున్నట్టుంది. లావుపాటివాడే." నవ్వబోయాడు, రాలేదు.

మణికట్టు పట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. మెడ దగ్గర నరం చొక్కా కాలరును కదిలిస్తోంది. ఓనరు కారులో వెనకసీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిపొడవునా నాన్న తల నా ఒడిలో ఉంది. నేను కిటికీలోంచి వెనక్కి పోతున్న షాపుల బోర్డులు చదువుతూ కూర్చున్నాను. చెప్పులు, కళ్లజోళ్లు, తాళాలు, మళ్లీ చెప్పులు.

అత్యవసర విభాగంలో పీజీ అక్క ఎదురొచ్చింది. స్ట్రెచరు చక్రం తిరక్కపోతే కాలితో తన్ని తనే లోపలికి తోసుకెళ్లింది. అమ్మ యూనిఫాం మీదే వచ్చింది. కౌంటరు తాళంచెవులు చేతిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక పీజీ అక్క బయటకొచ్చి, "పోటు కాదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది," అంది. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను ఆమె చేతిలోంచి తాళంచెవులు తీసి నా బ్యాగులో వేసుకున్నాను. అంతే చేయగలిగాను.

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, దాచి ఊరించడానికేమీ లేదు.

టీలో మాత్ర ఆగింది. కొన్నాళ్లకు నా నాడి మామూలైంది, చేతులు మళ్లీ వణికాయి. మిగతాదంతా ఉన్నచోటే ఉంది. మాత్ర తెచ్చినది కాదు కనుక మాత్రతో పోలేదు. పీజీ అక్క నన్ను పాత భవనం చివర్లో ఉన్న మనోవైద్యురాలి గదికి తీసుకెళ్లి, నేను లోపలికి వెళ్లేదాకా తలుపు దగ్గర కాపలా కాసింది. డాక్టరు, "చెప్పమ్మా," అనగానే నేను లాంగ్ కేసు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాను: యువతి, వైద్య విద్యార్థిని, నిద్రలేమి, ఆసక్తి లేకపోవడం, ఇన్నాళ్లుగా. ఆమె కలం పక్కన పెట్టి, "రోగి ఎవరు?" అంది.

ఆ వేసవి పరీక్ష రాయలేదు. తర్వాతి విడతలో రాశాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ గదికి వెళ్తుంటాను. మా ఇంట్లో నాన్నకు మాత్ర ఇచ్చేది అమ్మే. షిఫ్టు మార్పించుకుంది. ఆయన మింగి, నోరు తెరిచి చూపించాలి. "జైలు," అంటాడు. "కోర్టుకెళ్లు," అంటుంది అమ్మ.

అవన్నీ తర్వాతివి. ఆ సాయంత్రం వార్డులో ఇంకా వెలుతురుంది. అమ్మ ఇంటి నుంచి బట్టలు తేవడానికి వెళ్లింది. నాన్న దిండుకు ఆనుకుని ఉన్నాడు, ఛాతీ మీద వైర్లు. టీ సంగతి ఆయన నోటే చెప్పించి, పీజీ అక్క అప్పటికే తిట్టి కడిగేసి వెళ్లింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయన చేయి నా ముందే ఉంది. పట్టుకోలేదు. మెషీను లెక్కపెడుతోంది.

ఆయనే మొదలుపెట్టాడు.

"చెంచా కింద పెట్టి నూరేవాణ్ని. చేదు తెలియకుండా చక్కెర ఎక్కువ వేసేవాణ్ని. ముందు సగం వేశాను. సగం నీకు, సగం నాకు. దాంతో నీ చేయి ఆగలేదు. అప్పుడు మొత్తం వేశాను. ఆ పీజీ అమ్మాయి అడిగింది, ఇంకో షీటు కొనుక్కోలేకపోయావా అని. మందుల షాపువాడు ఎవరికని అడిగితే ఏం చెప్పను? మా డాక్టరమ్మకి అని చెప్పనా? ఒక్క పరీక్ష అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాను. నా చేతికి పనిచేసింది, నీ చేతికీ పనిచేస్తుందనుకున్నాను. పనిచేసింది కూడా."

"నాన్నా, పడుకో."

"ఉండు. ఇది అందరికీ చెప్పిందే. నీకు చెప్పాల్సింది వేరే ఉంది." దిండు మీద కాస్త పైకి జరిగాడు. "నువ్వు గదిలో పైకి చదువుతుంటే నేను వింటాను. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అన్నీ మీ డాక్టరీ మాటలే. అయినా వింటాను, నాకదో సరదా. గోడ అవతల నా కూతురు ఎవరెవరికో జబ్బులు నయం చేస్తున్నట్టుంటుంది. ఒకరోజు పొద్దున టీ తెస్తున్నాను. అలాగే చదువుతున్నావు. మధ్యలో ఆపావు. ఆపి, నాకు అర్థమయ్యే మాట ఒకటన్నావు. రేపు మెలకువ రాకపోతే బాగుండు అన్నావు. గట్టిగా కూడా కాదు. అని, మళ్లీ చదవడం మొదలుపెట్టావు."

నాకు గుర్తులేదు. ఇప్పటికీ గుర్తులేదు.

"గుమ్మం దగ్గర నిలబడిపోయాను. లోపలికి వచ్చి ఏంటి తల్లీ అంటే అయిపోయేది. రాలేదు. అడిగితే నువ్వు మళ్లీ అంటావు. నా మొహం మీదే అంటావు. అన్నాక నేను ఊరుకోలేను. చదువూ వద్దు గిదువూ వద్దు, ఇంట్లో ఉండు అనాలి. షాపులో అందరికీ చెప్పుకున్నాను. గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్లక్కూడా చెప్పాను, మా అమ్మాయి డాక్టరని. టీ అక్కడే గట్టు మీద పెట్టేసి, చల్లారిపోతోంది తాగు అని కేకేసి వెళ్లిపోయాను. మర్నాటి నుంచి మాత్ర వేశాను. నీకోసం వేశానని మీ అమ్మ అనుకుంటోంది. ఆ పీజీ అమ్మాయి కూడా అదే అనుకుని, తిట్టీ తిట్టీ చివరికి జాలిపడింది. కాదు తల్లీ. నీ చేయి నిలబడితే నువ్వు బాగున్నావని నాకు నేను చెప్పుకోవచ్చు. ఆ మాట నేను వినలేదని చెప్పుకోవచ్చు. అందుకు వేశాను. నాకోసమే వేశాను."